ఏ దారిన పోయినా బాన్సువాడ చౌరస్తాకే!

హైదరాబాద్‌లో "మీదే ఊరు?" అని అడిగితే "బాన్సువాడ దగ్గర" అంటాను. వెంటనే రెండో ప్రశ్న రెడీగా ఉంటుంది: "అదెక్కడ?" ఫోన్‌లో మ్యాప్ తీసి చూపిస్తాను. నిజామాబాద్, బోధన్, పిట్లం, ఎల్లారెడ్డి మీదుగా మెదక్... ఇన్ని దారులు కలిసే చిన్న చుక్క.

మా చుట్టుపక్కల బీర్కూర్, నస్రుల్లాబాద్, వర్ని వైపు ఊళ్లకు మాత్రం ఆ చుక్కే పట్నం. ఎరువు బస్తా, పెండ్లి బట్టలు, దవాఖాన అన్నింటికీ ఇక్కడికే రావాలి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక బాన్సువాడ కామారెడ్డిలోకి పోయింది, వర్ని నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. కలెక్టరేట్లు వేరైనా చౌరస్తా ఒక్కటే. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా అమ్మ చిన్న పనికి కూడా నాన్న బండి కోసం ఎదురుచూడట్లేదు.

క్యాంపుల కథ

ఇక్కడ ఎటు చూసినా వరే. కారణం మంజీర మీద నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి రైతులొచ్చి స్థిరపడ్డారు. కొన్ని ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఉండేది అందుకే. టీ కొట్టు బెంచీ మీద "ఏం కాకా" అనేవాళ్లు, "ఏమండీ" అనేవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. ఒకప్పుడు చెరకు బండ్లు బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి క్యూ కట్టేవి. 2015 చివర్లో అది మూతపడింది.

నల్లా తిప్పితే...

నిజాంసాగర్ కట్టినప్పుడు దాని సామర్థ్యం 29 టీఎంసీలకు పైనే. పూడిక చేరి 17.8కి పడిపోయింది. పైన సింగూరు నుంచి హైదరాబాద్‌కు తాగునీళ్లు పోతాయి. అంటే, నా ఫ్లాట్‌లో నల్లా తిప్పితే వచ్చేది మా పొలానికి రావాల్సిన మంజీరే కావచ్చు!

ఓ యాసంగిలో మీటింగ్ మధ్యలో నాన్న ఫోన్ చేశాడు.

"సాగర్ల నీళ్లెన్ని ఉన్నయో జర ఫోన్ల సూడు బిడ్డా. నాలుగెకరాలు నాటెయ్యాల్నా, రెండే ఎయ్యాల్నా?"

లెక్క చూసి చెప్పాను.

"అయితే రెండే" అన్నాడు.

ఆ సాయంత్రం ఫ్లాట్‌లో షవర్ తిప్పి, ఎందుకో వెంటనే ఆపేశాను.