పెంపకం నుంచి దత్తత దాకా



పిల్లలు లేని దంపతులకు మన ఇళ్లలో తరచుగా వినిపించే సలహా ఒకటుంది. "ఆసుపత్రిలో తెలిసిన నర్సమ్మ ఉంది, బిడ్డను ఇప్పిస్తుంది. కాగితాలూ కచేరీలూ ఎందుకు?" అని. ఆ మాట విన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఈ పూట మన ప్రసంగం దాని గురించే.

దత్తత మన ప్రాంతానికి కొత్త కాదు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, చిన్న కిమిడి జమీందారీలో ఒక వితంతువు చేసుకున్న దత్తత మీద వచ్చిన తగవు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అక్కడ 1876లో తీర్పు వచ్చింది. ఆనాటి ప్రశ్న ఆస్తికి వారసుడెవరన్నది. ఈనాటి చట్టం అడిగేది వేరు. ఈ బిడ్డకు తగిన ఇల్లు ఏది? అదే అసలు ప్రశ్న.

కన్నవారే తమ బిడ్డను బంధువులకు దత్తత ఇవ్వడానికి 1956 నాటి హిందూ దత్తత చట్టం ఉంది. అనాథ పిల్లలకూ, ఎవరో విడిచిపెట్టిన పిల్లలకూ 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. అలాంటి బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. బిడ్డ బాలల సంక్షేమ సమితి ముందుకు వెళుతుంది. కన్నవారి కోసం విచారణ జరుగుతుంది. రెండేళ్లలోపు బిడ్డ అయితే 2 నెలల్లో, పెద్దవారైతే 4 నెలల్లో, దత్తతకు అర్హత ఉందో లేదో సమితి తేలుస్తుంది. తామే బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకైతే మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువు ఉంటుంది.

దత్తత కోరేవారు 'కారా' అనే కేంద్ర సంస్థ వద్ద ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దంపతులకు పెళ్లయి రెండేళ్లు నిండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి చూస్తారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు. గంజాం వారికి అంటే ఛత్రపురంలోని కలెక్టరుగారు.

పసిబిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. మరోవైపు ఆరేళ్లు దాటిన పిల్లలు సంరక్షణ గృహాల్లోనే పెద్దవారైపోతున్నారు. వారికోసమే పెంపక సంరక్షణ, అంటే ఫోస్టర్ కేర్. జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కలిస్తే వివరాలు చెబుతారు. ఇంటి పరిశీలన అయ్యాక, సమితి ఉత్తర్వుతో బిడ్డ మీ ఇంటికి వస్తుంది. 2024 మార్గదర్శకాల ప్రకారం ఒంటరివారు కూడా బిడ్డను పెంచవచ్చు. దత్తతకు అర్హత ఉన్న బిడ్డ రెండేళ్లు మీ ఇంట్లో పెరిగితే, ఆ బిడ్డను దత్తత కోరే అవకాశం మీకుంటుంది. పూర్వం ఈ గడువు ఐదేళ్లు.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. పెంపకం దత్తత కాదు. కన్నవారి పరిస్థితి చక్కబడితే బిడ్డ తిరిగి వారి దగ్గరకు వెళ్లవచ్చు. ఆ రోజు మీ గుండె బరువెక్కుతుంది. అయినా మీరు పెట్టిన అన్నమూ, చెప్పిన అక్షరమూ ఆ బిడ్డతోనే వెళతాయి.

వచ్చే బిడ్డకు తెలుగు రాకపోవచ్చు, ఒడియా మాత్రమే వచ్చి ఉండవచ్చు. బరంపురం తెలుగు ఇళ్లకు అదేం కష్టం? వీధిలో ఒక భాష, వంటింట్లో మరో భాష మనకు అలవాటే. బిడ్డ మాటను మాన్పించకండి, మీ మాటను దానికి జత చేయండి.

ఇక ఆ నర్సమ్మ సంగతి. చట్టం చెప్పిన పద్ధతి దాటి అలాంటి బిడ్డను తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. పిల్లల్ని అమ్మినా కొన్నా శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి. పదేళ్లు అమ్మా అని పిలిచిన బిడ్డను ఎవరైనా వచ్చి అడిగితే, చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

మమకారం మీది. దానికి అండ ఆ కాగితం.