నిజం రేపటికి వాయిదా!

‘‘నీకో నిజం చెప్పాలి...’’ అని హీరోయిన్ నోరు తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. లేదంటే కాలింగ్ బెల్. అమ్మ పక్కన కూర్చుని పది నిమిషాలు సీరియల్ చూసిన ఎవరికైనా ఈ సీన్ కంఠతా వచ్చేసి ఉంటుంది. నిజం మళ్లీ రేపటికి వాయిదా.

‘కార్తీకదీపం’ గుర్తుందిగా? 2017లో మొదలై 2023 జనవరి దాకా పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు నడిచింది. ఏళ్లకేళ్లు ఆ కథ నిలబడింది ఒక్క అబద్ధం మీద. డాక్టర్ బాబుకి పిల్లలు పుట్టరని మోనిత నమ్మించింది, ఆయన కడుపుతో ఉన్న దీపని అనుమానించాడు. అంత చదువుకున్న డాక్టర్ ఒక్క డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తేలిపోయే విషయమది. దానిమీద వచ్చిన మీమ్స్‌కి లెక్కేలేదు. మనం నవ్వుకున్నాం, కానీ చూడటం మానామా?

రచయితల్ని మాత్రమే తప్పుపట్టలేం. వారానికి ఐదారు ఎపిసోడ్లు రాయాలి, ప్రతిదాని చివరా రేపు టీవీ పెట్టించే ఓ కుదుపు ఉండాలి, గురువారం వచ్చే రేటింగ్ తగ్గకూడదు. అలాంటప్పుడు అబద్ధం కంటే చవకైన సరుకు ఏముంటుంది? కొత్త పాత్ర అక్కర్లేదు, కొత్త సెట్ అక్కర్లేదు. తలుపు చాటున ఒకరు నిలబడి వింటే చాలు, వారం గడిచిపోతుంది. కోడింగ్‌లో మనం ‘ప్రస్తుతానికి నడిపించేద్దాం, తర్వాత సరిచేద్దాం’ అని ప్యాచ్ వేస్తాం చూడండి, అచ్చం అదే. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు.

పాత్రలన్నీ మూర్ఖంగా ప్రవర్తిస్తే తప్ప ముందుకు కదలని కథని అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ‘ఇడియట్ ప్లాట్’ అనేవారు. షార్ట్ ఫిల్మ్‌కో, వెబ్ సిరీస్‌కో స్క్రిప్ట్ రాస్తున్నారా? ఈ పరీక్ష పెట్టి చూడండి. మీ రెండు ప్రధాన పాత్రల్ని ఓ గదిలో కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. కథ అక్కడితో అయిపోయిందా? అయితే మీ దగ్గర కథ లేదు, కాలింగ్ బెల్ మాత్రమే ఉంది.

అలాగని అబద్ధంతో మంచి కథ రాదని కాదు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ నిండా అబద్ధాలే. కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్ భార్య దగ్గర రెండో ఫోన్ దాస్తాడు. ఆపరేషన్‌కి ముందు మత్తులో ఉన్నప్పుడు ఆమె ఫోన్ తెచ్చుకున్నావా అని అడిగితే, ఏ ఫోన్ అని తిరిగి అడిగేస్తాడు. అంతే, తీగ దొరికింది. ఇది రెండో సీజన్ ముగింపులోనే. మొత్తం సీజన్లు ఐదు. అబద్ధం బయటపడ్డాకే ఆ ఇంట్లో అసలు యుద్ధం మొదలైంది. 62 ఎపిసోడ్లలో ముగించేశారు కూడా.

ఇక మన బ్యాచ్‌లందరూ తెగ చూసిన ‘సూట్స్’ సంగతి. మైక్ రాస్ హార్వర్డ్‌లో చదవకుండానే చదివానని చెప్పి లాయరైపోతాడు. హ్యాకర్ సాయంతో రికార్డుల్లో పేరు కూడా ఎక్కించేస్తారు. ఐదో సీజన్ చివరికి గానీ జైలుకెళ్లడు. అప్పటిదాకా సూటు, స్టైలు, గెలుపు.

దాన్ని ఫైనలియర్‌లో నాతో కలిసి చూసిన రూమ్మేట్ ఒకడున్నాడు. ఉద్యోగం దొరక్క, ఓ కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన పేపర్లతో రెజ్యూమేలో రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టాడు. ఇంటర్వ్యూ గట్టెక్కాడు. దొరికిపోతానన్న భయం రాత్రిపూటే ఉండేదట. పగలు వాణ్ని తినేసింది వేరే: డౌట్ అడగలేకపోవడం. పక్క సీటులో ఫ్రెషర్ హాయిగా అన్నీ అడుగుతున్నాడు. రెండేళ్ల అనుభవం ఉన్నవాడు గిట్‌లో బ్రాంచ్ ఎలా మెర్జ్ చేయాలని ఎలా అడుగుతాడు? బాత్రూమ్‌లోకెళ్లి ఫోన్లో యూట్యూబ్ చూసి వచ్చేవాడు. ఈ సీన్ ఏ సీరియల్లోనైనా చూశారా? నేనైతే చూడలేదు.

ఎనిమిదో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడిగారు. ఏ కంపెనీ ఎప్పటి నుంచి పీఎఫ్ కట్టిందో అందులో కనిపిస్తుంది. వాడి రెండేళ్లూ ఖాళీ. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. ఇంట్లో మాత్రం ప్రాజెక్ట్ అయిపోయిందని చెప్పాడు. అంటే ఇంకో అబద్ధం.

తర్వాత ఫ్రెషర్‌గానే, తక్కువ జీతానికి ఇంకోచోట చేరాడు. ఈమధ్య ‘సూట్స్’ మళ్లీ మొదలుపెట్టి మూడో సీజన్‌లోనే ఆపేశాడట. ఏరా అంటే, ‘‘హార్వర్డ్‌ని హ్యాక్ చేశారు సరే, వీడి పీఎఫ్ సంగతి ఎవడూ అడగడేంట్రా?’’ అన్నాడు.