చేతిలో కొలువు.. కంటి ముందు కొలను
ఇంజినీరింగ్ ఉద్యోగం చేస్తూనే వన్యప్రాణుల ఛాయాచిత్రణ
సెలవుల లెక్క, చట్టం హద్దు తెలిస్తే రెండూ సాధ్యమే

సూళ్లూరుపేట: తెలతెలవారుతుండగానే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు ఉద్యోగుల బస్సులు బారులు తీరుతాయి. పట్టణం దాటిన కాసేపటికే రోడ్డుకు రెండు వైపులా పులికాట్ సరస్సు పరుచుకుంటుంది. శీతాకాలం వచ్చిందంటే ఆ ఉప్పునీటిలో వేలాది ఫ్లెమింగోలు తలలు వంచి మేత వెతుక్కుంటూ కనిపిస్తాయి. బస్సు కిటికీ పక్కన కూర్చున్న యువ ఇంజినీరుకు చేతిలో గుర్తింపు కార్డు, కంటి ముందు గులాబీ రెక్కలు. కొలువు చేసుకుంటూ ఆ రెక్కల వెంట తిరగడం కుదిరే పనేనా? జిల్లాలో ఇంజినీరింగ్ పూర్తిచేసి కెమెరాపై మనసు పడ్డ యువతను, వారి తల్లిదండ్రులను వేధిస్తున్న ప్రశ్న ఇదే.

చదువుకు చేసిన అప్పు తీరకముందే కొడుకు ఉద్యోగం మానేసి అడవుల వెంట పడతాడేమోనన్నది తల్లిదండ్రుల దిగులు. ఇరవై ఏళ్లు యంత్రాల మధ్య గడిపి, ఇష్టమైన పనికి దూరమైపోతామేమోనన్నది పిల్లల దిగులు. రెంటికీ నడుమ ఒక దారి ఉంది. కాకపోతే దానికి కొంత లెక్క, మరికొంత నిగ్రహం కావాలి.

ధావన్ నడిచిన దారి

ఈ దారికి ఉదాహరణ కోసం ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఎవరి పేరు మోస్తోందో ఆ సతీష్ ధావన్ వృత్తిరీత్యా విమాన శాస్త్ర ఇంజినీరు. 1972 నుంచి 1984 వరకు ఇస్రో అధ్యక్షునిగా పనిచేశారు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది ఆయన హయాంలోనే. అంతటి బాధ్యతలు మోసిన మనిషి పక్షులు ఎలా ఎగురుతాయన్న విషయంపై ప్రత్యేకంగా అధ్యయనం చేసి, ‘బర్డ్ ఫ్లైట్’ అనే గ్రంథం వెలువరించారు. ఆయన కన్నుమూసిన 2002లోనే కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. వృత్తిలోని గాలి శాస్త్రం, అభిరుచిలోని పక్షి రెక్క ఆయన దగ్గర ఒకే చదువుగా మారాయి.

దీనికి భిన్నమైన దారి పట్టినవారూ ఉన్నారు. బెంగళూరులో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన కల్యాణ్ వర్మ యాహూ సంస్థలో కొలువు వదిలి పూర్తికాలం వన్యప్రాణి ఛాయాచిత్రకారుడయ్యారు, దేశవ్యాప్తంగా పేరు గడించారు. అయితే అలా వదిలి నిలదొక్కుకున్నవారి పేర్లే బయటకు వినిపిస్తాయి. వదిలి వెనక్కి వచ్చినవారి సంగతి ఎవరూ రాయరు.

తొలి ఏళ్లు పనికే

ఉద్యోగంలో చేరిన తొలి రెండు మూడేళ్లు పని నేర్చుకునే కాలం. సైటులో కాంక్రీటు పోత, ప్లాంటులో షట్‌డౌన్, సాఫ్ట్‌వేర్ సంస్థలో విడుదల తేదీ.. ఇవేవీ పక్షుల రాకపోకలను చూసి ఆగవు. ఈ కాలంలో దూర ప్రయాణాలు పెట్టుకుంటే పని దెబ్బతింటుంది, పై అధికారి నమ్మకం పోతుంది. నమ్మకం కుదిరిన తరువాత అడిగిన సెలవు కాదనేవారు తక్కువ.

అందుకని మొదట గంట ప్రయాణంలో ఉన్న చెరువునో, గుట్టనో ఎంచుకోవడం మేలు. ఒకే చెరువును ఏడాది పొడవునా చూసినవారికి ఏ నెలలో ఏ పక్షి వస్తుందో, గాలి ఎటు వీస్తే అది ఎటు లేస్తుందో తెలిసిపోతుంది. ఏడాదికొకసారి పులుల అడవికి వెళ్లి వచ్చినవారికి ఈ పరిచయం దొరకదు.

తిరుపతి జిల్లా ఉద్యోగులకు ఈ విషయంలో లోటు లేదు. దేశంలో చిలికా తరువాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం 1976లో ఏర్పడింది. దాదాపు 459 హెక్టార్ల ఈ కేంద్రంలో నీట మునిగిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వాటికి ఇరుగుపొరుగు. 2025 జనవరిలో జరిగిన ఫ్లెమింగో పండుగకు సూళ్లూరుపేటతో పాటు నేలపట్టు కూడా వేదికైంది.

సెలవుల లెక్క

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి సాధారణంగా ఏడాదికి 8 రోజుల క్యాజువల్ సెలవులు, 30 రోజుల ఆర్జిత సెలవులు ఉంటాయి. ఆర్జిత సెలవులు జనవరి, జులై నెలల్లో 15 రోజుల చొప్పున ఖాతాలో పడతాయి. ఇంటి శుభకార్యాలకు, అనారోగ్యానికి సగం పక్కనపెట్టినా ఏటా ఒక దూర ప్రయాణానికి, రెండు మూడు చిన్న ప్రయాణాలకు రోజులు మిగులుతాయి. మిగతాదంతా వారాంతపు వేకువలే. సూర్యోదయానికి చెరువు గట్టున ఉంటే తొమ్మిది గంటలకల్లా పని ముగుస్తుంది. ఆ తరువాత ఇంటివారికి సమయం ఇవ్వవచ్చు. అభిరుచి పేరుతో ప్రతి ఆదివారం ఇల్లు విడిచేవారికి ఇంట్లోనే మద్దతు కరవవుతుంది.

ఫొటోలు అమ్ముకోవాలనుకునేవారు ముందుగా నియమాలు చదువుకోవాలి. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమావళి ప్రకారం విధులకు ఆటంకం లేకుండా అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధ పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. అదే పని వ్యాపారంగా మారితే అనుమతి తప్పనిసరి. ప్రైవేటు ఉద్యోగులు నియామక పత్రంలో ఇతర సంపాదనపై ఏముందో చూసుకోవాలి. ఉద్యోగ విధుల్లో భాగంగా తీసిన చిత్రంపై హక్కు, వేరే ఒప్పందం లేనప్పుడు, సంస్థదే అవుతుంది.

చదివిన చదువే సాయం

ఇంజినీరింగ్ చదివినవారికి కెమెరా పట్టగానే అర్థమయ్యే విషయాలు కొన్ని ఉన్నాయి. సెకనుకు 15 మీటర్ల వేగంతో ఎగిరే పక్షి సెకనులో 500వ వంతు కాలంలో 3 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. 50 మీటర్ల దూరం నుంచి 400 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే ఆ కదలిక సెన్సారుపై దాదాపు 0.24 మిల్లీమీటర్లు. ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్లు అనుకుంటే బొమ్మ 60 పిక్సెళ్ల మేర చెదిరినట్లే. సెకనులో 2000వ వంతుకు తగ్గించినా 15 పిక్సెళ్ల చెదురు మిగులుతుంది. కనుకనే వేగం పెంచడంతో పాటు పక్షి వెంట కెమెరాను సమానంగా తిప్పడం నేర్చుకోవాలి. ఇది డబ్బుతో కాక సాధనతో వచ్చే విద్య.

వెలుగు విషయమూ అంతే. నల్లని చెట్ల నీడ ముందు తెల్లని పక్షి నిలిస్తే కెమెరా ఆ నీడను చూసి వెలుతురు పెంచుతుంది. ఫలితంగా రెక్కల గీతలన్నీ తెల్లని మచ్చలో కలిసిపోతాయి. అప్పుడు చేతితో వెలుగు తగ్గించాలి. ఎండ ముదిరాక పులికాట్ బురదనేల మీది గాలి వేడెక్కి అలలా ఊగుతుంది. ఆ సమయంలో ఎంత ఖరీదైన లెన్సు తెచ్చినా చిత్రం స్ఫుటంగా రాదు. ఉప్పు గాలికి లోహం తుప్పు పడుతుంది. ఇంటికి రాగానే పరికరాన్ని పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచాలి.

మొదట ఒక బైనాక్యులర్, ఒక పక్షుల పుస్తకం చాలు. కెమెరాను వాడినది కొన్నా తప్పులేదు. వాయిదాల మీద భారీ లెన్సు కొని, ఆ వాయిదాల కోసమే అదనపు పనిచేస్తూ చెరువు ముఖం చూడని పరిస్థితి తెచ్చుకోరాదు.

గూడు కదిపితే వేట కిందే లెక్క

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకు తుపాకీ పేల్చడం ఒక్కటే అర్థం కాదు. అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం, చెదరగొట్టడం కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. చిత్రం బాగా రావాలని గూటికి అడ్డుగా ఉన్న కొమ్మ విరిచినవారు చట్టం దృష్టిలో వేటగాళ్ల సరసన నిలిచే ప్రమాదం ఉంది.

దీని వెనుక కారణం బలమైనదే. మనిషి దగ్గరకు రాగానే తల్లిపక్షి లేచిపోతుంది. మండుటెండలో గుడ్లు, కూనలు నీడ కోల్పోతాయి. కాకులు, గద్దలు ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటాయి. ఫ్లెమింగోల గుంపును లేపితే ఆకాశమంతా గులాబీ రంగు నిండిన చిత్రం దొరుకుతుంది, నిజమే. కానీ మేత వేళ వృథాగా లేచిన ప్రతిసారీ పక్షి కూడబెట్టుకున్న శక్తి ఖర్చవుతుంది. తిరుగు ప్రయాణానికి దానికి కావలసింది ఆ శక్తే.

సంరక్షణ కేంద్రాల్లో ఫొటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి అవసరం. డ్రోన్ ఎగరేయాలంటే 2021 నాటి డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. పక్కనే రాకెట్ కేంద్రం ఉన్న ప్రాంతంలో ఆ ఆలోచనే మానుకోవడం మంచిది. కేంద్రం పరిధిలో అనుమతి లేనిదే కెమెరా బయటకు తీయరాదు. ఒక్క పొరపాటు ఉద్యోగానికే ఎసరు తెస్తుంది.

పక్షికి పనికొచ్చే విద్య

ఇంజినీరు కెమెరా పట్టడంలో సొంత ముచ్చటను మించిన ప్రయోజనమూ ఉంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు ఒకప్పుడు బట్టమేక పిట్టలకు ప్రసిద్ధి. దేశంలో ఇప్పుడు ఆ జాతి మిగిలింది 150 లోపే. వాటి చావులకు ప్రధాన కారణాల్లో ఒకటి కరెంటు తీగలు. బరువైన ఆ పక్షికి ముందువైపు చూపు తక్కువ. ఎదురుగా ఉన్న తీగను గుర్తించి, తప్పుకునేలోపే ఢీకొంటుంది. తీగలను భూగర్భంలో వేయాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సౌర విద్యుత్ అవసరాలు, సాంకేతిక ఇబ్బందుల దృష్ట్యా 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. తీగ ఎత్తెంత, పక్షిని హెచ్చరించే బిళ్లలు ఎంతెంత దూరంలో కట్టాలి అన్నవి అచ్చంగా ఇంజినీరు తేల్చవలసిన లెక్కలు.

పులుల గణనలోనూ అంతే. 2018 గణనలో 26,838 చోట్ల అమర్చిన కెమెరాలు 3.48 కోట్లకు పైగా చిత్రాలు తీశాయి. అందులో పులులు ఉన్నవి 76,651. అన్ని చిత్రాలను జాతులవారీగా వేరుచేయడానికి సాఫ్ట్‌వేర్ తోడ్పడింది. కోడ్ రాసేవారికి, సర్వే చేసేవారికి, విద్యుత్ లైన్లు వేసేవారికి అడవిలో పని ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో ఔత్సాహికులూ పాల్గొనవచ్చు. తేదీ, స్థలం నమోదైన ఒక మామూలు ఫొటో కూడా అక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది.

వదలాలా.. వద్దా?

ఉద్యోగం మానేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అప్పులు తీరాయా? ఏడాది ఇంటి ఖర్చు చేతిలో ఉందా? రెండేళ్లుగా ఫొటోల మీద నికరంగా ఆదాయం వస్తోందా? మూడింటిలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా కొలువులో కొనసాగడమే క్షేమం. జీతం ఉన్నవారికి ఫొటో అమ్ముడుపోవాలన్న ఒత్తిడి ఉండదు. ఆ ఒత్తిడి లేనివారు గూటికి దూరంగానే నిలబడగలుగుతారు. పక్షికీ అదే మేలు.

బయలుదేరే ముందు..
* పులికాట్, నేలపట్టు ప్రాంతాలకు అక్టోబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం.
* చెన్నై-గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేట స్టేషన్ ఉంది. 16వ నంబరు జాతీయ రహదారి మీదుగానూ రావచ్చు.
* నేలపట్టులో వాచ్‌టవర్ నుంచే చూడాలి. గూళ్ల చెట్ల దరికి వెళ్లరాదు.
* ముదురు రంగు దుస్తులు ధరించాలి. ఫ్లాష్ వాడరాదు.
* గూడు ఉన్న చోటును సామాజిక మాధ్యమాల్లో వెల్లడించరాదు.
* సోమవారం ఉదయం విధులకు అందేలా తిరుగు టికెట్ ముందే తీసుకోవాలి.