గోడలుండియు గది కానరానపుడు

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణములోనికి పోయి, ఆర్ట్సు కళాశాల మెట్లెక్కి లోపల అడుగుపెట్టిన వారికి "గది అనగా నేమి?" అను ప్రశ్న పుట్టనే పుట్టదు. బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్టు జాస్పర్ రూపకల్పన చేసిన ఆ భవనమునకు 1934లో పునాది పడినది. 1939 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. గులాబి వన్నె గ్రానైటు రాతితో కట్టిన ఆ గోడల నడుమ నిలిచినవారు చేయి చాచిన గోడ తగులును. తల యెత్తిన పైకప్పు కనబడును. గడప దాటగానే గది ముగిసినదని పాదములకే తెలియును.

మనకు ఇంత తేలికైన ఈ సంగతి కంప్యూటరునకు మాత్రము కఠినమైన సమస్య. నాలుగు గోడలు కనులయెదుట నిలిచియున్నను "ఇచ్చట గది లేదు" అని అది హెచ్చరించుట కలదు. అట్లేల జరుగును? దానిని సరిదిద్దుట యెట్లు? భవన నిర్మాణముతో పనిలేని గృహస్థులు కూడ దీనిని గూర్చి యేల తెలిసికొనవలెను? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పుటయే మా ఉద్దేశము.

పూర్వము ఇంటి పటమును కాగితముపై గీసెడివారు. అందు గోడ యనగా రెండు గీతలు; గది యనగా ఆ గీతల నడుమ వ్రాసిన పేరు. గీతలకును పేరునకును గల సంబంధము చూచువాని బుద్ధిలో నుండెడిది. చిత్రపటములకు మారుగా భవనమునే కంప్యూటరులో నిర్మింపవచ్చునని అమెరికాకు చెందిన ఆచార్యుడు చార్లెస్ ఈస్ట్‌మన్ 1975లో ప్రకటించిన వ్యాసములో వివరించెను. 2000లో వెలువడి, 2002లో ఆటోడెస్క్ సంస్థ చేతికి వచ్చిన రెవిట్ వంటి సాధనములు ఆ భావమును ఆచరణలోనికి తెచ్చినవి. వీనియందు గోడ గీత కాదు. మందము, ఎత్తు, పదార్థము గల వస్తువు. గోడను జరిపినచో తలుపు దానితోపాటు జరుగును. గది వైశాల్యము తానే మారును.

అయితే ఒక భేదము కలదు. గోడను మనము కట్టుదుము, గదిని కట్టము. గోడల నడుమ మిగిలిన శూన్యమే గది. యంత్రము కూడ గదిని ఆ విధముగనే కనుగొనును. మనము ఒకచోట గుర్తు పెట్టినంతనే అది నలుదిక్కులకు పోయి, అడ్డు తగిలిన హద్దులను కలుపుకొని, ఆ చుట్టు పూర్తియైనచో గది యని ఒప్పుకొనును. ఎచ్చటనైన దారి దొరికి వెలుపలికి పోగలిగినచో గది మూసికొనలేదని చెప్పును. గోనెసంచికి చిన్న రంధ్రమున్నను ధాన్యము నిలువదు, ఇదియు నట్టిదే.

ఇక జతపరచిన నమూనాల సంగతి. విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక ఉపన్యాస మందిరము కట్టనున్నారని ఊహించుకొందము. గోడలను, తలుపులను వాస్తుశిల్పి తన నమూనాలో రూపొందించును. పిల్లర్లను, స్లాబులను స్ట్రక్చరల్ ఇంజనీరు తన నమూనాలో అమర్చును. విద్యుత్తు, ఏర్ కండిషనింగు చూచువారికి మూడవ నమూనా. ఒకరి పని మరియొకరు చెరుపకుండుటకై ఎవరి నమూనా వారిదిగా ఉంచి, ఇతరుల నమూనాలను దానికి జతచేసికొందురు. మూడవ ఇంజనీరునకు గోడలన్నియు కనబడుచునే యుండును. కాని వానిలో ఒక్కటియు అతనిది కాదు. అతడు గదిని గుర్తింపబోవును. చుట్టును గోడలున్నను గది లేదని యంత్రము పలుకును. కనబడుట వేరు, హద్దుగా లెక్కకు వచ్చుట వేరు. ఈ మాట గుర్తుంచుకొన్నచో తక్కిన పరీక్షలన్నియు సులభములు. వానిని ఒక వరుసలో చేయవలెను. వరుస తప్పినచో లేని దోషమును వెదకుచు దినములు గడచును.

మొదట జతపరచిన నమూనా నిజముగా వచ్చియున్నదా యని చూడవలెను. ఆ ఫైలు స్థానము మారినను, ఎవరైన దానిని తాత్కాలికముగా తొలగించినను, దాని గోడలతోపాటు హద్దులును మాయమగును. వాస్తుశిల్పి భవనమును కొన్ని అడుగులు ప్రక్కకు జరిపి తిరిగి పంపియుండవచ్చును; గోడలు జరిగిపోయి, మనము పెట్టిన గది గుర్తులు పాతచోటనే నిలిచి వరండాలోనో ఆరుబయటనో పడియుండును. ఒక అంతస్తులోని గదులన్నియు ఒక్కసారిగా చెడినచో ముందుగా అనుమానింపవలసినది దీనినే.

రెండవది అనుమతి. జతపరచిన నమూనా లక్షణములలో "రూమ్ బౌండింగ్" అను మీట యొకటి కలదు. రెవిట్‌లో అది మొదట మూసియే యుండును. దానిని తెరచిన గాని పరుల గోడలు మన గదులకు హద్దులు కానేరవు. అంతటితో ముగియదు. ఆ నమూనాలో ప్రతి గోడకును విడిగా అట్టి మీటయే యుండును. వాస్తుశిల్పి ఏదో అవసరముచే ఒక గోడకు దానిని మూసియుంచినచో, మనము పైమీట తెరచినను ఆ గోడ అడ్డు నిలువదు. కేవలము గీతలతో కూడిన పాత పటమును జతపరచినచో ఆ గీతలు ఎన్ని యున్నను హద్దులు కావు. గీత గోడ కాదు గదా!

మూడవది కాలము. పాత భవనమును మార్చునపుడు ఉన్న గోడలు ఒక దశయందును, క్రొత్తగా కట్టబోవునవి మరియొక దశయందును ఉండును. గదికి కూడ దశ కలదు. తన దశలో నిలిచియుండు గోడలే దానికి హద్దులు. వాస్తుశిల్పి నమూనాలోని దశలకును మన నమూనాలోని దశలకును పొత్తు కుదుర్పనిచో, పడగొట్టనున్న గోడ హద్దుగా నిలిచి, కట్టనున్న గోడ లెక్కకు రాకపోవచ్చును.

నాలుగవది ఎత్తు. యంత్రము గది హద్దును అన్ని ఎత్తులయందును వెదకదు. అంతస్తు మట్టమునుండి నిర్ణయించిన ఒక ఎత్తున వెదకును. గోడ యొకటి మెట్టుపై ఒక అడుగు ఎత్తునుండి మొదలై, వెదకుట నేలమట్టముననే జరిగినచో, ఆ గోడ క్రిందుగా గది జారిపోవును. వాలుగోడలున్న చోట ఈ ఎత్తు మారిన వైశాల్యమును మారును.

ఐదవది సందులు. రెండు గోడల కొసలు కలిసినట్లు కంటికి తోచినను నడుమ సందు మిగిలి యుండవచ్చును. దీనిని పట్టుటకు చక్కని యుపాయము కలదు. గదులను విడదీయుటకై యంత్రము ఇచ్చు విభజన రేఖను స్థలము నడుమ తాత్కాలికముగా గీయవలెను. ఏ సగము మూసికొనినదో అది నిర్దోషము. సందు రెండవ సగములో నున్నది. దానిని మరల సగము చేయవలెను. 160 అడుగుల నడవలో ఒకేయొక సందున్నచో నాలుగు మారులు ఇట్లు చేయునప్పటికి వెదకవలసినది 10 అడుగులే. దోషము దొరకగానే ఆ రేఖలను చెరిపివేయవలెను.

హెచ్చరిక మాటలు కూడ దారి చూపును. "గది మూసికొనలేదు" అన్నచో చుట్టుగోడలో లోపము. "ఒకే ఆవరణలో రెండు గదులున్నవి" అన్నచో చుట్టుగోడ బాగుగనే యున్నది; రెండింటి నడుమ నుండవలసిన గోడయే లెక్కకు రాలేదు. గోడయు విభజన రేఖయు ఒకదానిపై నొకటి పడినవన్నచో ఎవరో పూర్వము చేసిన అతుకు అచ్చట నున్నదని యెరుగవలెను.

ఈ అతుకు సంగతియే మిగుల ముఖ్యము. పని తొందరలో గది మూసికొననపుడు అనేకులు కారణమును వెదకరు. గోడ వెంబడి విభజన రేఖను గీసివేయుదురు. హెచ్చరిక మాయమగును, వైశాల్యము కనబడును, అందరును సంతోషింతురు. పదిదినములకు వాస్తుశిల్పి ఆ గోడను రెండడుగులు జరుపును. గోడ జరుగును, రేఖ జరుగదు. ఇప్పుడు యంత్రము ఏ హెచ్చరికయు చేయదు. అది పాత వైశాల్యమునే చూపుచుండును. ఆ అంకెను నమ్మి యంత్రములు కొందురు. హెచ్చరిక చేయు తప్పు మేలు; నోరుమెదపని తప్పు ప్రమాదము.

అంకె తప్పిన కలుగు నష్టమేమో రేడియోలో పనిచేయు మాకు బాగుగ తెలియును. ధ్వని గదిలో ఎంతసేపు మ్రోగునో లెక్కించు సూత్రమును హార్వర్డు ఆచార్యుడు వాలెస్ సబీను కనుగొనెను. ఘనపుటడుగులలో గది పరిమాణమును 0.049తో హెచ్చవేసి, గోడలు, కుర్చీలు, పరదాలు ధ్వనిని పీల్చుకొను మొత్తము శక్తిచే భాగింపవలెను. మనము ఊహించుకొన్న మందిరము పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 16 అడుగులనుకొందము. పరిమాణము 9,600 ఘనపుటడుగులు. పీల్చుకొను శక్తి 300 చదరపుటడుగులకు సమానమైనచో మ్రోత సుమారు 1.57 సెకండ్లు నిలుచును. కాని గది పైహద్దు పొరపాటున 10 అడుగులకే నిలిచిపోయినచో నమూనా 6,000 ఘనపుటడుగులే చూపును, లెక్క 0.98 సెకండుగా తేలును. అది చాలునని తలచి గోడలకు మెత్తలు తగిలింపక వదలివేయుదురు. మందిరము తెరచిననాడు ఉపన్యాసకుని ఒక మాట ముగియకముందే రెండవ మాట దానిపై పడి, వెనుక వరుస విద్యార్థికి ఏమియు తెలియదు. ఇది గొంతు దోషమా? కాదు, ఎన్నడో నమూనాలో సరిచూడని ఒక హద్దు దోషము. ఏర్ కండిషనింగు లెక్కయు ఈ పరిమాణముపైననే కొంతవరకు ఆధారపడును.

ఇక ఆవరణ దాటి తార్నాకకు వత్తము. విశ్వవిద్యాలయమే గాక, 1944లో ప్రారంభమైన ప్రయోగశాల నుండి ఎదిగిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ ప్రాంతముననే యున్నవి. ఉద్యోగులు జీవితకాలపు పొదుపుతో ఫ్లాటు కొనుచోటు ఇది. స్థిరాస్తి నియంత్రణమునకై 2016లో వచ్చిన కేంద్ర చట్టము కార్పెట్ ఏరియాకు నిర్వచన మిచ్చినది. ఫ్లాటులోపలి అడ్డుగోడలు అందు చేరును. వెలుపలి గోడలు, డక్టులు, బాల్కనీలు, డాబా చేరవు. అనగా కొలత వెలుపలి గోడ లోముఖమువద్ద ఆగవలెను.

నమూనాలో గది హద్దును గోడ ముఖమువద్ద నిలుపవచ్చును, గోడ నడిమధ్యను నిలుపవచ్చును. వెలుపలి కొలత 40 అడుగులు, 30 అడుగులు గల ఫ్లాటు, చుట్టును 9 అంగుళముల గోడ అనుకొందము. లోముఖమునుండి కొలిచిన 1,097 చదరపుటడుగులు. గోడ నడుమనుండి కొలిచిన 1,148. ఒక్క మీట తేడాచే 51 చదరపుటడుగులు పెరిగినవి. ఎవరును దొంగలెక్క వ్రాయలేదు. గోడ ఏ ముఖము హద్దో అడిగినవారు లేరు, అంతే. ఆ 51 అడుగులకు సొమ్ము చెల్లించునది మాత్రము కొనుగోలుదారు.

కావున పాఠకులు ఫ్లాటు కొనునపుడు మొత్తము అంకె చూచి తృప్తిపడక, "ఈ కొలత గోడ ఏ ముఖమునుండి తీసినది? నమూనాలో చివరి మార్పు జరిగిన పిమ్మట గదులను తిరిగి సరిచూచితిరా?" అని అడుగవలెను. ఒక గదిని టేపుతో కొలిచి పటముతో పోల్చుట కూడ మంచిది. ఐదు నిమిషముల పని. దానికి కంప్యూటరు అక్కరలేదు.

నమూనాలను తయారుచేయు యువకులకు మా మనవి యొక్కటే. గది కానరానపుడు దానిని బలవంతముగా గీయకుడు; ఏ గోడ ఏ కారణముచే హద్దుగా లెక్కకు రాలేదో మొదట అడుగుడు. ఆర్ట్సు కళాశాల రాతిగోడ హద్దు చేతికే తగులును. కంప్యూటరులోని గోడకు మాత్రము, అది హద్దని ఎవరో ఒకరు చెప్పవలెను; చెప్పినది నిజమో కాదో మరియొకరు సరిచూడవలెను.