అక్షరము వెనుక అంకెలు

క్షరము కానిది అక్షరము. అనగా నశింపనిది అని మన పెద్దలు ఆ మాటకు అర్థము చెప్పినారు. పలకమీద బలపముతో దిద్దిన అక్షరము తడిగుడ్డకు చెరిగిపోవచ్చును గాని, దిద్దిన బాలుని మనస్సులో నిలిచియే ఉండును. నేటి బాలుడు పలకమీదనే గాక కంప్యూటరు తెరమీదను అక్షరమును చూచుచున్నాడు. మీట నొక్కగనే 'క' ప్రత్యక్షమగును. కాని ఆ యంత్రము దాచుకొన్న వ్రాతలో 'క' అను రూపము లేదు. అక్కడ ఉన్నవి రెండే గుర్తులు: సున్న, ఒకటి. ఆ గుర్తుల వరుసను చూచి అందలి మాటను చదువుట పిల్లలకు నేర్పవచ్చునా, నేర్పినందువలన కలుగు లాభమేమి అనునవి ఉపాధ్యాయులు ఆలోచింపదగిన ప్రశ్నలు.

సంకేతము అనగానే పిల్లలకు గూఢచారులు, రహస్యలేఖలు జ్ఞప్తికి వచ్చును. పాఠారంభమున తొలగింపవలసిన భ్రమ ఇదియే. గూఢలిపి దాచుటకు పుట్టినది. సంకేతలిపి అందించుటకు పుట్టినది. మొదటిదాని తాళపుచెవి ఇద్దరి యొద్దనే ఉండవలెను. రెండవదాని తాళపుచెవి ఊరందరి యొద్ద ఉండవలెను. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది గాని, ఆ తీగల మీద ఒకప్పుడు వార్తలను మోసిన మోర్సు సంకేతములలో రహస్యమేమియు లేదు. పంపువాడును, అందుకొనువాడును ఒకే పట్టికను అంగీకరించుటచేతనే ఆ చుక్కలు, గీతలు వార్తలైనవి. కంప్యూటరు సంకేతములును అట్టివే.

ఈ సంగతి చెప్పుటకంటె చూపుట మేలు. తరగతిని రెండు జట్లు చేసి, ఒక్కొక్క జట్టును అక్షరములకు తమకు తోచిన సంఖ్యలు ఇచ్చుకొనుమనవలెను. ఒక జట్టు 'అ'కు 1 అని పెట్టుకొనును; మరియొక జట్టు 50 అని పెట్టుకొనును. ఒకరి లేఖ మరియొకరి చేతికి వచ్చినప్పుడు ఎవ్వరును చదువలేరు. కొంత కోపము, కొంత నవ్వు అయిన పిమ్మట, "అందరికి ఒకే పట్టిక ఉంటే బాగుండును గదా" అని వారే అందురు. ఉపాధ్యాయుడు చెప్పదలచిన మాటను పిల్లలే చెప్పిన పాఠము మరపునకు రాదు. ఇట్లుగాక, మొదటి దినముననే నూట ఇరువది ఎనిమిది గడుల పట్టికను నల్లబల్లమీద వ్రాసి, చూచి వ్రాయుమన్నచో మిగులునది చేతినొప్పి మాత్రమే.

రెండవ మెట్టు లెక్క. దీనికి కంప్యూటరు అక్కరలేదు. న్యూజీలాండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయమునకు చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్ 1990ల దశకమున 'కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్' అను పేరుతో యంత్రము లేకుండనే ఈ శాస్త్రమును నేర్పు పాఠములను సమకూర్చినారు. అందులో అట్టముక్కల ఆట ప్రసిద్ధమైనది. ఐదుగురు పిల్లలు వరుసగా నిలుతురు. చూచువారి ఎడమనుండి వారి అట్టముక్కల మీద 16, 8, 4, 2, 1 చుక్కలు ఉండును. చుక్కలు కనబడునట్లు పట్టుకొన్న అట్ట ఒకటి. వెనుకకు త్రిప్పిన అట్ట సున్న. 16, 4, 1 చుక్కల అట్టలు కనబడుచుండగా తక్కిన రెండును త్రిప్పియున్నచో 10101 అయినది. చుక్కలను కూడిన 21 వచ్చినది. ఇరువది ఒకటవ ఆంగ్లాక్షరము 'యు'. ఆ పాఠములలో ఒక బాలుడు పెద్ద అంగడి మేడమీద చిక్కుకొని, దీపములను వెలిగించియు, ఆర్పియు ఈ విధముగనే సహాయము కోరును. అతడు వ్రాసినదేమో చదువువరకు తరగతిలోని పిల్లలు కాగితము వదలరు.

తెలుగు తరగతిలో ఈ విద్యకు దగ్గరి చుట్టమొకటి ఎప్పటినుండియో ఉన్నది. పద్యమునకు గణవిభజన చేయు విద్యార్థి ప్రతి అక్షరమును గురువో, లఘువో నిర్ణయించును. గుర్తులు రెండే, మూడక్షరముల గణములు ఎనిమిది. రెండు గుర్తులను మూడు స్థానములలో ఎన్ని విధముల కూర్చవచ్చునో గణములును అన్నియే. ఛందశ్శాస్త్రములోని ప్రస్తారమను పద్ధతిలో ఇవి మ, య, ర, స, త, జ, భ, న అను వరుసలో వచ్చును. వరుస సంఖ్యనుబట్టి గురులఘువుల రూపమును రాబట్టుట నష్టము. రూపమునుబట్టి సంఖ్యను రాబట్టుట ఉద్దిష్టము. గురువును సున్నగను, లఘువును ఒకటిగను తీసికొని, ఎడమనుండి మూడు స్థానములకు 1, 2, 4 విలువలు ఇచ్చి చూడవచ్చును. జగణము లఘువు, గురువు, లఘువు. 1, 4 కలిసి 5. దానికి ఒకటి చేర్చిన 6. ప్రస్తారమున జగణము ఆరవదే! పింగళునికి కంప్యూటరు తెలియునని చెప్పుట అత్యుక్తి. కాని గణవిభజన వచ్చిన బాలునికి ఈ లెక్క పరాయిది కాదని చెప్పుట సత్యము. కంప్యూటరు లెక్కలో పెద్ద విలువ ఎడమవైపున ఉండునను భేదమును మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఈ రెండు మెట్లు ఎక్కిన పిమ్మట అసలు పట్టికకు రావచ్చును. 1963లో అమెరికాలో ఏర్పడిన 'ఆస్కీ' అను సంకేతములో ప్రతి అక్షరమునకు ఏడు గుర్తులు. మొత్తము 128 స్థానములు. పెద్ద 'ఏ'కు 65. పట్టికను కంఠస్థము చేయనక్కరలేని సులువు ఒకటి ఇందులోనే ఉన్నది. ఏడు గుర్తులలో మొదటి రెండు 10 అయినచో పెద్ద అక్షరము. 11 అయినచో చిన్న అక్షరము. తక్కిన ఐదును అట్టముక్కల ఆటలోని ఐదే!

ఒక చిన్న సందేశమును చూతము: 1010101, 1001101, 1000001. ప్రతిదానిలోను మొదటి రెండు గుర్తులను ప్రక్కన ఉంచవలెను. 10101 అనగా 21, అది 'యు'. 01101 అనగా 8, 4, 1 కలిసి 13, అది 'ఎమ్'. 00001 అనగా 1, అది 'ఏ'. మూడును కలిపిన ఉమ అను పేరు వచ్చినది. రెండవ వరుసలో ఒక్క గుర్తు మారి 1001001 అయినచో 'ఎమ్' పోయి 'ఐ' వచ్చును. ఉమ పేరు చెడిపోవును. పదములనడుమ విడిచిన చోటికి సైతము 32 అను సంఖ్య ఉన్నది. తొందరపాటు పనికిరాదని మందలించి చెప్పవలసిన పని లేదు. తన పేరు తప్పుగా వచ్చినప్పుడు బాలికయే సరిచూచుకొనును.

అయితే ఆ 128 స్థానములలో తెలుగునకు ఒక్కటియు లేదు. దాని ఫలితమును తెలుగువారు అనుభవించినారు. 1990ల దశకమున ముద్రణాలయములును, పత్రికలును వేర్వేరు ఫాంట్లను వాడినవి. ఆంగ్లాక్షరముల సంఖ్యలనే తీసికొని, వాటి స్థానమున తలకట్లను, ఒత్తులను, అక్షరముల ముక్కలను కూర్చుకొన్నవి. ఎవరి కూర్పు వారిది. ఆ ఫాంటు లేని యంత్రములో అదే వ్యాసమును తెరచినచో, కథ గాని, పాఠము గాని కనబడదు. పొంతనలేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడును. రెండు జట్ల పిల్లలు ఆడిన ఆటయే ఇది. కాని ఇక్కడ పోవునది ఒక రచయిత శ్రమ. పట్టిక దొరకినచో మాటను రాబట్టవచ్చును. దొరకనిచో అది నిజముగా నష్టమే.

ఉమ్మడి పట్టిక కొరకు జరిగిన యత్నములు 1991లో రెండు రూపములు దాల్చినవి. భారతీయ లిపులకు 'ఇస్కీ' అను సంకేతమును ఆ సంవత్సరమున భారతీయ ప్రమాణముగా స్వీకరించినారు. ప్రపంచ భాషలన్నిటికి చోటు కల్పింపదలచిన 'యూనికోడ్' మొదటి కూర్పు వెలువడినదియు ఆ సంవత్సరముననే. అందులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు. 'అ' 3077, 'క' 3093. 'క్ష' అను దానికి ప్రత్యేక సంఖ్య లేదు. 3093, 3149, 3127 అను మూడు సంఖ్యలు వరుసగా నిలువవలెను: క, పొల్లు, ష. 'క'లోని అకారము పొల్లుతో పోయి, దానికి 'ష' చేరునని వ్యాకరణము చెప్పిన క్రమమే ఇది. గుణింతమును శ్రద్ధగా నేర్చిన పిల్లవాడు ఈ పట్టికలో దారి తప్పడు. 'కి' అనగా 'క' పిమ్మట గుడి అని అతడు ఇట్టే చెప్పును.

కాబట్టి ఈ పాఠము గణితమునకు ఎంత దగ్గరో తెలుగునకును అంత దగ్గర. పిల్లలందరు యంత్రశాస్త్రజ్ఞులు కావలెనని దీని ఉద్దేశము కాదు. తాము చదువు ప్రతి అక్షరము వెనుక వేలమంది మనుష్యుల ఒప్పందమొకటి ఉన్నదని వారు తెలిసికొనిన చాలును. అక్షరము తనంతట తాను నశింపనిది కాదు. దానిని చదువు పద్ధతిని ఒక తరము మరియొక తరమునకు అప్పగించినంత కాలమే అది అక్షరము. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఏడేసి గుర్తుల వరుసలను వ్రాసి, "ఇందులో ఈ తరగతిలోని ఒకరి పేరు ఉన్నది, ఎవరిదో చెప్పుడు" అన్ననాడు ఆ అప్పగింత ఆరంభమగును.