ఆయన ఇంట్లో... నేను దారిలో!

"ఏమే, మీ ఇద్దరికీ మాటలు లేవా?"

తెనాలి నుంచి మా అక్కయ్య ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న అది. పెళ్లయి నలభై ఏళ్లు దాటిన ఆడది, అరవై రెండో ఏట ఓ వ్యాను కొనుక్కుని ఒంటరిగా ఊళ్లు తిరుగుతోందంటే ఎవరికైనా వచ్చే అనుమానమే కదా! "మాటలు బాగానే ఉన్నాయే అక్కా. ఆయనకి వెన్నునొప్పి ఉంది, నాకు లేదు. అంతే తేడా" అన్నాను. అక్కయ్య నవ్వలేదు.

మేం 1984లో అమెరికా వచ్చాం. డల్లాస్ దగ్గర కాపురం. ఉద్యోగరీత్యా మా వారు వారానికోసారి విమానం ఎక్కేవారు. నేను ఆస్పత్రి లేబొరేటరీలో, ఒక్క కిటికీ కూడా లేని గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఇద్దరు పిల్లల్ని పెంచాం. సెలవులొస్తే ఇండియా, లేకపోతే చుట్టాలిళ్లు. నయాగరా చూడలేదా అంటే చూశాం. పదిమందితో, పులిహోర డబ్బాలతో!

ఇద్దరం రిటైరయ్యాక అసలు సంగతి బయటపడింది. ఆయనకి ఇల్లు కావాలి, నాకు దారి కావాలి. "సగం జీవితం సూట్‌కేసుతో గడిచింది. ఇక నా కుర్చీ, నా వంకాయ మొక్కలు, నా క్రికెట్టు" అన్నారాయన. అందులో తప్పేముంది? కానీ కిటికీ లేని గదిలోంచి బయటికొచ్చిన నా మాటేమిటి? ఏడాది పాటు నచ్చజెప్పాను, అలిగాను. చివరికి ఓ రోజు వంటింట్లో "అయితే నేనొక్కదాన్నే వెళ్తా" అనేశాను. "వెళ్లు. నన్ను మాత్రం లాగకు" అన్నారు. ఆ మాటకి సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు.

నూరేళ్ల క్రితమే ఒకావిడ...

ఇదేదో నేను కనిపెట్టిన వింత అనుకోకండి. 1909లో ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ల ఇల్లాలు, భర్తనీ, చిన్న కొడుకునీ ఇంటి దగ్గర వదిలి, న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా కారు నడుపుకుంటూ వెళ్లింది. తోడు ముగ్గురు ఆడవాళ్లున్నారు గానీ వాళ్లెవరికీ డ్రైవింగు రాదు. సుమారు 3,800 మైళ్లు, 59 రోజులు. దారిలో చాలాభాగం మట్టిరోడ్లే. టైర్లు పేలితే తనే మార్చుకుంది. అమెరికా ఖండాన్ని ఆ చివర నుంచి ఈ చివరికి కారులో దాటిన మొదటి మహిళ ఆవిడే!

ఆవిడ ధైర్యం నాకెక్కడిది? 2023లో సెకండ్‌హ్యాండు వ్యాను కొన్నాను. లోపల ఓ మంచం, చిన్న ఫ్రిజ్, పొయ్యి, నీళ్ల ట్యాంకు, పక్కకి జరిపే మరుగుదొడ్డి. అంతే సంసారం. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే దుకాణాల పార్కింగులో నెల రోజులు రివర్సు నేర్చుకున్నాను. వ్యాను ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగు పక్కన అతికించుకున్నాను. మామూలు కారనుకుని తక్కువ ఎత్తు కప్పు కిందికి పోనిస్తే పైభాగం ఊడిపోతుంది మరి!

మొదటి మజిలీ టెక్సాస్‌లోనే ఉన్న పాలోడ్యూరో లోయ. ఎర్రమట్టి గోడలు, మధ్యలో సన్నటి ఏరు. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు! ఆకు కదిలినా ఉలిక్కిపడ్డాను. తెల్లవారి, చలికి తోడుకోని పెరుగు గిన్నె పట్టుకుని బయట కూర్చుంటే, లోయ గోడ మీదకి ఎండ మెల్లగా దిగింది. 'కాఫీ ఏదీ?' అని అడిగేవాళ్లు లేని మొదటి ఉదయం అది. హాయిగా ఉంది. అలా హాయిగా ఉన్నందుకు కాస్త తప్పుచేసినట్టు కూడా ఉంది.

పదకొండు మిస్డ్ కాల్స్

2024 ఫిబ్రవరిలో బిగ్‌బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లాను. రియోగ్రాండ్ నది ఇవతల అమెరికా, అవతల మెక్సికో. రాత్రిపూట ఆకాశం అంత నల్లగా, చుక్కలు అంత దగ్గరగా ఉంటాయని నా చిన్నప్పుడు డాబా మీద పడుకున్నాక మళ్లీ అక్కడే చూశాను. కానీ ఆ పార్కులో చాలాచోట్ల ఫోను పనిచేయదు. రెండు రోజులు నా ఫోను మూగబోయింది.

మూడో రోజు తిరిగొస్తూ మారథాన్ అనే చిన్న ఊరు చేరేసరికి ఫోను ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. పదకొండు మిస్డ్ కాల్స్. మా వారు స్నానాలగదిలో జారిపడ్డారు. చీలమండ విరిగింది. గంటసేపు నేల మీదే ఉండి, పాక్కుంటూ ఫోను దగ్గరికి చేరారట. పక్కింటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారు.

అక్కడి నుంచి ఇంటికి పగలంతా పట్టే దారి. ఎలా నడిపానో నాకే తెలియదు. నేను చేరేలోపే వార్త చుట్టాలందరికీ చేరింది. "మొగుణ్ణి అలా వదిలేసి షికార్లేమిటి?" అని మా ఆడపడుచు నిలదీసింది. మా వారే ఫోను లాక్కుని, "ఆవిడ ఇంట్లో ఉన్నా నా కాలు జారేదే" అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ ఆ రాత్రి లైటు ఆర్పాక నెమ్మదిగా అన్నారు: "వాళ్లతో అలా అన్నాను గానీ, ఆ గంటసేపు నాకు చాలా భయం వేసింది."

ఆడపడుచు మాటకి నా దగ్గర జవాబుంది. ఈ మాటకి లేదు.

వ్యాను ఆరు నెలలు కదల్లేదు. అమ్మేద్దామన్నాను కూడా. "అమ్మేస్తే నా వల్లే అమ్మానంటావు, జన్మంతా" అన్నారాయన. అది నిజమే! దాంతో ఇద్దరం కూర్చుని కాగితం మీద షరతులు రాసుకున్నాం. ప్రయాణం రెండు వారాలు మించకూడదు. ఫోను అందని చోట వాడటానికి ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం కొనాలి. రాత్రి ఎక్కడ ఆగినా ఆయనకి కబురందాలి. పక్కింట్లో ఓ తాళంచెవి ఉండాలి. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీలు బిగించాలి. ఇంట్లో కూడా ఆయన ఫోను జేబులోనే ఉండాలి. ఆయన చారూ అన్నం వండుకోవడం నేర్చుకోవాలి. నేర్చుకున్నారు. చారులో ఉప్పు మాత్రం ఇప్పటికీ ఎక్కువే!

వెళ్లాలనుకునేవారికి...

అమెరికాలో ఉన్న మన తల్లులకి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు:

* పౌరసత్వం గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉండి 62 ఏళ్లు నిండితే, 80 డాలర్లకి నేషనల్ పార్కుల జీవితకాల పాసు వస్తుంది. చాలా ప్రభుత్వ క్యాంపుల్లో బసకి సగం డబ్బులే.
* తలుపులు మూసిన వ్యానులో వెచ్చదనం కోసం గ్యాసు పొయ్యి వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అలారం తప్పనిసరి.
* ఎడారి దారుల్లో మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు లెక్కవేసుకోండి.
* వ్యాను ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా ఆపండి. మనసు కీడు శంకిస్తే దిగకుండానే కదిలిపోవచ్చు.
* చీకటి పడకముందే బస చేరుకోండి.

మళ్లీ వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ బాత్రూము తలుపు గుర్తొస్తుంది. నేను చేస్తున్నది పూర్తిగా ఒప్పేనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. కానీ ఇంట్లో ఉండిపోయి రోజూ ఆయన్ని సాధించడం కూడా ఒప్పు కాదని మాత్రం తెలుసు. తిరిగొచ్చిన రోజు మేమిద్దరం మాట్లాడుకున్నంతగా పెళ్లయిన కొత్తలో కూడా మాట్లాడుకోలేదు.

అన్నట్టు, మా అక్కయ్య సంగతి చెప్పాలి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది కదా! ఓ రోజు ఫోను చేసి, "గుంటూరు మీదుగా అమరావతి వెళ్లొచ్చానే. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టాడు. గుళ్లో దణ్ణం పెట్టుకుని, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చున్నా" అంది.

"బావగారు వచ్చారా?"

"ఆయనెందుకూ? మోకాళ్లనొప్పులు. అన్నం వండిపెట్టి, చెప్పే వెళ్లాన్లే."

"ఏమే, మీ ఇద్దరికీ మాటలు లేవా?" అన్నాను.

ఈసారి అక్కయ్య నవ్వింది.