ఆడి నేర్చే యుద్ధం

కుర్రకారు డూమ్-2 ఆటలో రాక్షసుల్ని కాల్చి పారేస్తున్న రోజులవి. 1996లో అమెరికా మెరైన్ దళానికి చెందిన లెఫ్టినెంట్ స్కాట్ బార్నెట్, సార్జెంట్ డాన్ స్నైడర్ క్వాంటికో స్థావరంలో అదే ఆటను మార్చి, రాక్షసుల స్థానంలో శత్రు సైనికుల్ని పెట్టారు. ఆ రూపాల కోసం పిల్లల బొమ్మ సైనికుల్ని స్కాన్ చేశారట! ‘మెరైన్ డూమ్’ అలా పుట్టింది.

దీంతో గురి కుదురుతుందని కాదు. మౌస్ నొక్కడానికీ తుపాకీ పేల్చడానికీ పోలికేముంది? నలుగురున్న ఫైర్‌టీమ్‌లో ముందు కదిలేదెవరు, వెనక నుంచి కాచేదెవరు, నాయకుడు పడిపోతే ఆజ్ఞ ఇచ్చేదెవరు... ఇవన్నీ క్షణాల్లో తేల్చుకోవడం అలవడాలన్నదే ఉద్దేశం. మైదానంలో ఒక కసరత్తు చెడితే మనుషుల్నీ బళ్లనూ మందుగుండునూ మళ్లీ సమకూర్చుకోవాలి. ఆటలోనైతే ఒక్క మీట నొక్కి మొదటికి రావచ్చు. నన్నడిగితే ఈ సాంకేతికత విలువ తెర మీది హంగుల్లో లేదు, చౌకగా తప్పులు చేయనివ్వడంలో ఉంది.

2001లో చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ తెచ్చిన ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ పునాదిగా తయారైన వీబీఎస్ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్ ఎన్నో దేశాల సైన్యాలకు చేరింది. కసరత్తు ముగిశాక శిక్షకుడు జరిగినదంతా మళ్లీ వేసి చూపిస్తాడు. ఎవరెక్కడ నిలబడ్డారో, ఎవరి తూటా తోటివాడికి తగిలిందో అందరి ముందూ తేలిపోతుంది. బుకాయించే వీల్లేదు. మన హైదరాబాద్‌లోనూ జెన్ టెక్నాలజీస్ 1993 నుంచి సైనిక సిమ్యులేటర్ల రంగంలో ఉంది.

అయితే వీపు మీది బరువు, నిద్రలేమి, ప్రాణభయం తెర మీదికి రావు. ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొందరు సైనికుల్ని ఇంటికొచ్చాకా వదలనిది ఆ భయమే. వాళ్ల కోసం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త స్కిప్ రిజో బృందం, ‘ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్’ ఆటలోని దృశ్యాలను వాడుకుని ‘వర్చువల్ ఇరాక్’ రూపొందించింది. కళ్లకు హెడ్‌సెట్, కాళ్ల కింద అదిరే వేదిక, ముక్కుకు కాలిన రబ్బరు వాసన. చికిత్సకుడు పక్కనుండగా, తనను కుదిపేసిన ఘట్టంలోకి సైనికుడు కొద్దికొద్దిగా మళ్లీ వెళ్తాడు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 2002 జూలై 4న అమెరికా సైన్యం సొంత ఖర్చుతో ‘అమెరికాస్ ఆర్మీ’ ఆటను ఉచితంగా వదిలింది. అది శిక్షణ కోసం కాదు, సైన్యంలో చేరాలన్న ఆసక్తి రేపడానికి. పదమూడేళ్ల పిల్లలూ ఆడగలిగేవారు. 2022 దాకా నడిచింది. ఆటలకూ సైన్యానికీ ఈ పొత్తు అంతకు చాలా ముందే కొందరికి నచ్చలేదు: 1980 నాటి ‘బ్యాటిల్‌జోన్’ ఆటను సైన్యానికి తగ్గట్టు మార్చమని అటారీ సంస్థ అడిగితే, దాన్ని రాసిన ఎడ్ రాట్‌బర్గ్ ఇకపై సైనిక పనులు తనకు అప్పగించకూడదన్న షరతు మీదే ఒప్పుకున్నాడు.

సైన్యంలో చేరినవాడికి ఆటతో పాఠం చెప్పడం సబబే. బడిపిల్లాడికి భర్తీ ప్రకటనను ఆటగా అందించడం మాత్రం తప్పు.